కారు కంటే ముందే పుట్టాలి

(మిషిగన్‌లో తెలుగు కుటుంబాల వారాంతపు కలయికలో చేసిన ప్రసంగం, అక్షర రూపంలో)

అందరికీ నమస్కారం. వెనక బల్లలవాళ్లకి వినిపిస్తోందా? చెయ్యెత్తండి. సరే.

భోజనాలు వచ్చేదాకా మీ కారు గురించి ఏదో ఒకటి చెప్పండి అన్నారు. కాబట్టి బిర్యానీ ట్రేలు కనిపించగానే నన్ను ఆపేయొచ్చు, నేనేం అనుకోను.

కారు బయట పార్కింగ్‌లో చూసే ఉంటారు. తెల్లది. 1965 మోడల్ ఫోర్డ్ మస్టాంగ్, హార్డ్‌టాప్, 289 ఘనపు అంగుళాల ఇంజను, గాలీ పెట్రోలూ కలిపే కార్బురేటర్ నాలుగు బ్యారళ్లది. పక్కనే డియర్‌బార్న్‌లో తయారైంది. డ్రైవరు తలుపు అంచున చిన్న రేకు ఉంటుంది. దాని మీద తేదీ దగ్గర "18ఎల్" అని కొట్టి ఉంది. అంటే 1964 నవంబర్ 18. కచ్చితంగా చెప్పాలంటే ఆ రోజుకి తయారు కావాలని ఫ్యాక్టరీవాళ్లు వేసుకున్న తేదీ అది. ఒకటి రెండు రోజులు అటూ ఇటూ జరిగి ఉండొచ్చు. క్యాలెండర్ తీసి చూశాను, బుధవారం.

ఈ తేదీని గుర్తు పెట్టుకోండి. మిగతా కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మా నాన్నగారికి విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపు ఉండేది. స్కూలు లేనప్పుడు నేను కౌంటర్ దగ్గర కూర్చునేవాణ్ణి. అక్కడ సామాను అంటే మూడే రకాలు. కంపెనీది, డూప్లికేటు, సెకండ్ హ్యాండు. కంపెనీ డబ్బాలో సీలుతో వచ్చిందా, ఒరిజినల్. అంతే, ఇంక మాట్లాడక్కర్లేదు. ఆ చదువుతోనే నేను ఈ పాత కార్ల వ్యవహారంలో దిగాను. ఆ చదువే నన్ను ముంచింది.

ఎలాగో చెప్తాను. ముందు ఈ పోటీలేమిటో రెండు ముక్కలు. మామూలు కార్ షో వేరు. మన వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ ఉంది కదా, ఆగస్టులో. అక్కడ ఎవరూ మార్కులు వెయ్యరు, కారు తోలుకెళ్లి కుర్చీ వేసుకుని కూర్చోవడమే. నేను చెప్పేది జడ్జీలు కాగితం, టార్చిలైటు పట్టుకుని వచ్చే షోల గురించి. మస్టాంగ్ క్లబ్ ఆఫ్ అమెరికా అని ఉంది, ఎంసీఏ అంటారు. వాళ్ల పోటీల్లో తరగతులుంటాయి. రోజూ తోలే కార్లకి ఒకటి, ట్రెయిలర్ మీద తెచ్చే కార్లకి ఒకటి, ఇలా. అన్నిటికంటే కఠినమైనది థరోబ్రెడ్ అనే తరగతి. ఫ్యాక్టరీ గేటు దాటినప్పుడు కారు ఎలా ఉందో అలాగే ఉండాలి. అలా కనిపిస్తే చాలదు, ఆ సామానే ఉండాలి. ఇప్పుడు తయారుచేసిన నకలు పార్టు పెడితే, అది అసలు దానికంటే బాగున్నా సరే, మార్కులు కోస్తారు.

అసలు దానికంటే బాగుంటే ఇంకా ఎక్కువ అనుమానిస్తారు, ఆ మాటకొస్తే. 1964లో ఫ్యాక్టరీలో పెయింటు అద్దంలా వెయ్యలేదు. కొన్నిచోట్ల నారింజ తొక్కలా ఉండేది, కొన్నిచోట్ల కారింది కూడా. అద్దంలా మెరిసిపోయే కారు తెస్తే జడ్జీ ముఖం చిట్లిస్తాడు. మనవాళ్లకి ఇది మింగుడుపడదు. పెళ్లికి కట్టే చీర ముడతలతో ఉండాలి అన్నట్టు ఉంటుంది.

సరే, నేను కొన్న మొదటి "ఒరిజినల్" పార్టు సంగతి. వోల్టేజ్ రెగ్యులేటర్. ఆల్టర్నేటర్ ఇచ్చే కరెంటుని అదుపులో పెట్టే చిన్న పెట్టె. ఒక స్వాప్ మీట్‌లో, అంటే పాత సామాన్ల సంతలో, ఒకాయన బల్ల మీద కనిపించింది. ఫోర్డ్ డబ్బా, చెక్కు చెదరని సీలు, మీద సరైన నంబరు. ఎన్ఓఎస్ అన్నాడు. న్యూ ఓల్డ్ స్టాక్, అంటే అప్పుడు తయారై, అమ్ముడుపోకుండా ఇన్నాళ్లూ డబ్బాలోనే ఉండిపోయిన కొత్త సామాను. "సీలు తియ్యకండి సార్, విలువ పడిపోతుంది" అని సలహా కూడా ఇచ్చాడు. నేను తియ్యలేదు. ఆటోనగర్ బుద్ధి! సీలుంది కదా. ఎంతకి కొన్నానో చెప్పను, మా ఆవిడ మూడో వరసలో కూర్చుంది.

(నవ్వులు)

ఇంటికొచ్చి తీశాను. మూత మీద "మోటార్‌క్రాఫ్ట్" అని ముద్ర.

అందులో తప్పేముంది అంటారా? ఫోర్డ్ కంపెనీ 1961లో ఆటోలైట్ అనే విడిభాగాల బ్రాండ్ పేరునీ, దాని స్పార్క్ ప్లగ్గుల ఫ్యాక్టరీనీ కొంది. పోటీ దెబ్బతింటుందని ప్రభుత్వం కేసు వేసింది. అది సుప్రీం కోర్టు దాకా వెళ్లి, 1972లో ఫోర్డ్‌కి వ్యతిరేకంగా తీర్పు వచ్చింది. ఆటోలైట్ పేరు వదులుకోవాల్సి వచ్చింది. ఒహాయోలో ఫొస్టోరియా ఊళ్లోని ప్లగ్గుల ఫ్యాక్టరీ బెండిక్స్ అనే కంపెనీ చేతికి పోయింది. అప్పట్నుంచి ఫోర్డ్ తన విడిభాగాలకి మోటార్‌క్రాఫ్ట్ పేరు వాడుకుంటూ వచ్చింది. ఇక 1964 నవంబర్లో పుట్టిన కారులో మోటార్‌క్రాఫ్ట్ రెగ్యులేటర్ ఎక్కడిది? పార్టు నిజమే, ఫోర్డ్‌దే, ఫోర్డ్ డబ్బాలోదే. కానీ డీలరు షెల్ఫులో రిపేర్ల కోసం పెట్టిన సామాను. కారు తయారైనప్పుడు లైనులో బిగించింది కాదు.

ఈ తేడా బుర్రకెక్కడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. కంపెనీ ఒక పార్టుని ఏళ్ల తరబడి అమ్ముతూనే ఉంటుంది. మధ్యలో డిజైను మారుస్తుంది, సప్లయరు మారతాడు, ముద్ర మారుతుంది. డబ్బా మీద నంబరు మాత్రం పాతదే ఉండొచ్చు. రిపేరుకి వచ్చినవాడికి కావాల్సింది కారు నడవడం, ముద్ర ఎవడు చూస్తాడు? జడ్జీ చూస్తాడు.

ఇప్పుడు నంబర్ల సంగతి. కొంచెం ఓపిక పట్టండి, ఇదే అసలు ముక్క. ఫోర్డ్ నంబరు మొదటి నాలుగు గుర్తులూ ఇంటిపేరు లాంటివి. నా ఇంజను బ్లాకు మీద "సీ5ఏఈ-6015-ఈ" అని పోత పోసి ఉంటుంది. సీ అంటే 1960ల దశాబ్దం. బీ అయితే 1950లు, డీ అయితే 1970లు. తర్వాతి 5 అంటే 65. మూడో అక్షరం ఏ బండి కోసం డిజైన్ చేశారో చెబుతుంది. నాలుగోది ఏ విభాగంవాళ్లో. ఈ అంటే ఇంజనువాళ్లు, బీ అంటే బాడీవాళ్లు. మధ్యలో 6015 అంటే సిలిండర్ బ్లాకు, అది ఏ ఫోర్డ్ బండికైనా అదే. 6049 హెడ్డు, 9510 కార్బురేటర్, 12127 డిస్ట్రిబ్యూటర్. ఇవి నాకు మా పిల్లల ఫోన్ నంబర్ల కంటే బాగా గుర్తు.

ఇక్కడే కొత్తవాళ్లు రెండుచోట్ల పడతారు. మస్టాంగ్ గుర్తు జెడ్. కాబట్టి మూడో అక్షరం జెడ్ లేకపోతే అది మస్టాంగ్‌ది కాదనుకుంటారు. నా బ్లాకు మీద ఉన్నది ఏ, అంటే గాలక్సీ లాంటి పెద్ద కారు గుర్తు. ఎందుకంటే ఆ బ్లాకుని ముందు దానికోసం గీశారు, మస్టాంగ్‌లోనూ వేశారు. మస్టాంగే ఫాల్కన్ అనే ఇంకో ఫోర్డ్ కారు మీద కట్టిన బండి. అందుకని మూడోచోట "డీ" అక్షరంతో ఫాల్కన్ సామాను, "ఓ" అక్షరంతో ఫెయిర్‌లేన్ అనే మరో ఫోర్డ్ కారు సామాను, సీ2, సీ3 మొదలయ్యే పాత నంబర్లు కూడా ఇందులో సక్రమంగానే ఉంటాయి. "1962 నంబరండీ, నాకొద్దు" అని ఒకాయన వదిలేసిన బ్రాకెట్టు నేను పక్కనే నిలబడి కొనుక్కున్నాను. పాపం అనిపించలేదు.

రెండోది, పార్టు మీద పోసిన నంబరు ఒకటి, పార్ట్స్ పుస్తకంలో అమ్మే నంబరు ఇంకొకటి. పుస్తకంలో నంబరుకి నాలుగో అక్షరం జెడ్ ఉంటుంది, సర్వీసు సామాను అని. పుస్తకం నంబరు పట్టుకుని ఇనుము మీద వెతికితే జన్మలో దొరకదు.

ఇంక తేదీ. పోత పోసిన ప్రతి పెద్ద ముక్క మీదా అది పుట్టిన రోజు ఉంటుంది. అంకె, అక్షరం, అంకె. సంవత్సరం, నెల, రోజు. నేను దీన్ని జాతకం అంటాను. మన పెళ్లిసంబంధాల్లో వయసు తేడా చూసినట్టే ఇక్కడా చూస్తారు. పార్టు కారు కంటే ముందు పుట్టాలి, మరీ ముందు పుట్టకూడదు. కొన్ని రోజులో, కొన్ని వారాలో ముందైతే మంచి సంబంధం. ఏడాది ముందుదైతే "ఇన్నాళ్లు ఎక్కడుంది?" అని అడుగుతారు.

నా ఇంటేక్ మానిఫోల్డ్, అంటే కార్బురేటర్ నుంచి ఇంజనులోకి గాలీ పెట్రోలూ వెళ్లే గొట్టాల ముక్క, దాని మీద 4ఎం14 అని ఉంది. నాలుగు అంటే 1964. కారు 1964ది. ఇంకేం కావాలి అనుకున్నాను. చక్కగా శుభ్రం చేసి, ఆ ఏటి 289 ఇంజనుకి ఉండాల్సిన నల్లరంగు వేసి, బంగారు రంగు వాల్వ్ కవర్లు బిగించి షోకి తీసుకెళ్లాను. జడ్జీ ఒక పెద్దాయన. టార్చి వేసి రెండు నిమిషాలు చూశారు. "ఈ మానిఫోల్డ్ డిసెంబర్ 14న పోశారు" అన్నారు. నేను వాదించాను. ఎం పదమూడో అక్షరం కదా, పదమూడో నెల ఎక్కడుంది, ఈ కోడు మీరనుకునేది కాదేమో అన్నాను. ఆయన విసుక్కోలేదు. "ఐ అక్షరం వాడరు, ఒకటి అంకెలా కనిపిస్తుందని. ఏ నుంచి ఎం దాకా, మధ్యలో ఐ తీసేసి లెక్కపెట్టు" అన్నారు. అక్కడే నిలబడి వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. ఎల్ నవంబరు. ఎం డిసెంబరు. నా కారు తయారైన 26 రోజులకి దాని ఊపిరితిత్తి పుట్టింది.

(నవ్వులు)

మీరు నవ్వుతున్నారు, ఆ రోజు నేనూ నవ్వాను. కారు ఎక్కాక నవ్వు రాలేదు.

(సభలోంచి: "ఇంజన్ నంబరూ, ఛాసిస్ నంబరూ కలిస్తే చాలదా అంకుల్?")

మంచి ప్రశ్న బాబూ. మన దగ్గర ఆర్సీ మీద రెండూ ఉంటాయి కాబట్టి అలా అనిపిస్తుంది. ఇక్కడ "మ్యాచింగ్ నంబర్స్" అని అమ్మకం ప్రకటనల్లో తెగ రాస్తారు. 1965 మస్టాంగ్‌లో ఒక్క కే-కోడ్ ఇంజను మీదే, అంటే 271 హార్స్ పవర్ హై పెర్ఫార్మెన్స్ దాని మీదే, కారు ఛాసిస్ నంబరు కొట్టారు. నాలాంటి మామూలు 289 మీద ఏమీ ఉండదు. మామూలు ఇంజన్ల మీద కొట్టడం 1968లో మొదలైంది. అందుకని ఎవరైనా "ఏ-కోడ్ 65 (అంటే నాలాంటి ఇంజనుది), మ్యాచింగ్ నంబర్స్" అంటే, ఏ నంబరు దేనితో మ్యాచ్ అయిందో చూపించమనండి. ఇక్కడ దిక్కు తేదీలే.

కాగితాలు తెప్పించుకోవచ్చు కదా అని ఇంకొందరు అడుగుతారు. మార్టి రిపోర్ట్ అని ఉంది. ఫోర్డ్ పాత ఉత్పత్తి రికార్డుల్లోంచి ఒక్కో కారుకీ ఫ్యాక్టరీ వివరాలు తీసిస్తారు. అద్భుతమైన సంగతి. కానీ ఆ రికార్డులు 1967 మోడల్ నుంచే. 65వాళ్లకి, 66వాళ్లకి ఆ భాగ్యం లేదు. తలుపు మీద రేకు, అదృష్టం ఉంటే సీటు స్ప్రింగుల్లోనో డ్యాష్‌బోర్డు వెనకో ఇరుక్కుపోయిన బిల్డ్ షీట్, అంటే కారులో ఏమేం బిగించాలో ఫ్యాక్టరీవాళ్లు రాసుకున్న కాగితం, అంతే మన ఆస్తి. పాత సీటు విప్పినప్పుడు లోపల ఎలకల గూడులా కనిపించే కాగితాన్ని చెత్తబుట్టలో వెయ్యకండి, ముందు విప్పి చదవండి.

65 అన్నంతమాత్రాన అన్నీ ఒకటి కావు, అదో గొడవ. మస్టాంగ్ 1964 మార్చి 9న లైనులోకి వచ్చింది, ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్‌లో జనానికి చూపించారు. కాగితాల మీద అవీ 65 మోడలే. జనం వాడుకలో అరవై నాలుగున్నర. వాటిలో జెనరేటర్ ఉంటుంది, ఆ వేసవి తర్వాతివాటిలో ఆల్టర్నేటర్. వీ8 ఇంజను వెనక గేరుబాక్సు గొట్టం బిగించే బోల్టులు అప్పుడు అయిదు, తర్వాత ఆరు. మా పిల్లల్ని డియర్‌బార్న్‌లో హెన్రీ ఫోర్డ్ మ్యూజియానికి తీసుకెళ్తే అక్కడ మొదటి నంబరు మస్టాంగ్ ఉంది, తెల్ల కన్వర్టిబుల్. అది అమ్మకూడని కారు. కెనడాలో న్యూఫౌండ్‌లాండ్‌లో పొరపాటున ఒక పైలట్‌కి అమ్మేశారు. ఫోర్డ్‌వాళ్లు దాన్ని 1966లో గానీ వెనక్కి తెచ్చుకోలేకపోయారు, అదీ ఇంకో కొత్త మస్టాంగ్ చేతిలో పెట్టాక. నేను ఆ కారు ముందు అరగంట నిలబడి ఇంజను చూడాలని మెడ సాచాను. మా అమ్మాయి దూరంగా వెళ్లి నిలబడింది.

సరే, సామాను ఎక్కడ దొరుకుతుంది? పెన్సిల్వేనియాలో రెండు పెద్ద సంతలు. అక్టోబర్లో హెర్షీ, చాక్లెట్ ఊరు. ఇంకోటి కార్లైల్, అక్కడ ఫోర్డ్ కార్లకే విడిగా ఒక షో జరుగుతుంది. హెర్షీలో నడిచి నడిచి కాళ్లు వాస్తాయి. చిన్న అద్దం, టార్చి, పాత టూత్‌బ్రష్, తెల్లకాగితం, పెన్సిల్ పట్టుకెళ్లండి. మన చిన్నప్పుడు కాగితం కింద రూపాయి బిళ్ల పెట్టి పెన్సిల్‌తో రుద్దేవాళ్లం చూడండి, అరిగిపోయిన తేదీని అలా చదవొచ్చు. మా నాన్నగారు చూసి ఉంటే సంతోషించేవారు.

మిషిగన్‌లో పాత కార్ల యార్డుల మీద ఆశ పెట్టుకోవద్దు. చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు రేకుని తినేస్తుంది. తలుపులు, ఫెండర్లు కావాలంటే ఆరిజోనా, కాలిఫోర్నియా వైపు చూడండి. అక్కడ ఎండకి రబ్బరూ సీటు బట్టా పోతాయి, రేకు నిలుస్తుంది. కానీ మన ఊరికి ఒక వరం ఉంది. డియర్‌బార్న్ చుట్టుపక్కల రిటైరైన ఫోర్డ్ పనివాళ్ల గరాజులు. శనివారం గరాజ్ సేల్ బోర్డు కనిపిస్తే నేను బండి ఆపుతాను. నా కార్బురేటర్ అలాగే దొరికింది. ఆటోలైట్ 4100. పక్కన 1.08 అని పోత ఉండాలి, నా ఇంజనుకి అదీ సైజు. కే-కోడ్‌ది అయితే 1.12. ఒక పెద్దావిడ పూలకుండీల మధ్య కాఫీ డబ్బాలో పెట్టి అమ్ముతోంది. వాళ్లాయన విప్పి, మళ్లీ బిగించకుండానే వెళ్లిపోయాడట. మురికి పట్టి నల్లగా ఉంది. అదే నన్ను కొనేలా చేసింది.

ఎందుకంటే మురికి కింద అసలు పూత ఉంటుంది. దయచేసి ఈ ఒక్క మాట వినండి: పాత పార్టు దొరగ్గానే శాండ్ బ్లాస్టింగ్‌కి ఇవ్వకండి. అమ్మేవాడు "నేనే బ్లాస్ట్ చేసి పంపిస్తా" అంటే వద్దని చెప్పండి. ఆ కార్బురేటర్ మీద పచ్చటి బంగారు ఛాయ ఉంటుంది, బోల్టుల మీద నూనె పట్టిన బూడిదరంగు ఫాస్ఫేట్ ఉంటుంది. లైనులో తనిఖీ చేసినవాడు రంగుతో వేసిన చుక్క, చాక్‌పీసుతో రాసిన అంకె కూడా ఉండొచ్చు. ఒక్కసారి ఇసుకతో కొట్టారా, అన్నీ పోతాయి. ముందు ఫొటో తీయండి, తర్వాత మెత్తటి బ్రష్‌తో తుడవండి. నా కారు అడుగున ఒక గీత నేను ఫొటోలో చూసి మళ్లీ వేశాను. అది ఉన్న చోటు కడిగేసినవాణ్ణి నేనే.

మోసాలు కూడా ఉన్నాయి, అందరూ తప్పు తెలియక చేసేవాళ్లు కారు. ఇనుము మీద తేదీ గీకి కొత్తది దింపేవాళ్లున్నారు. అద్దాలు మీకు కావాల్సిన తేదీ ముద్రతో తయారుచేసి ఇచ్చేవాళ్లున్నారు, వాళ్లు చెప్పే అమ్ముతారు కాబట్టి అది మోసం కాదు. దాన్ని అసలుదని ఇంకొకరికి అమ్మితే అది మోసం. కారు ఛాసిస్ నంబరు జోలికి మాత్రం పోవద్దు. అది మార్చడం ఇక్కడ ఫెడరల్ నేరం.

ఇంకోటి, ఎన్ఓఎస్ పిచ్చి ముదిరితే ప్రాణం మీదకి వస్తుంది. అరవై ఏళ్ల నాటి బ్రేక్ హోసు డబ్బాలో ఎంత కొత్తగా ఉన్నా అది ఎండిపోయిన రబ్బరు. టైర్లూ అంతే. నేను ఇవాళ వచ్చింది కొత్త హోసులతో. షో సామాను విడిగా పెట్టెలో ఉంటుంది. నన్నడిగితే, ముందు ఏ తరగతిలో దిగుతారో తేల్చుకుని అప్పుడు కొనడం మొదలుపెట్టండి. పిల్లల్ని ఎక్కించుకుని ఐస్‌క్రీమ్‌కి వెళ్లే కారైతే నకలు సామాను బంగారంలా పనిచేస్తుంది, సగం తలనొప్పి ఉండదు. నేను ముందు కొని తర్వాత తేల్చుకున్నాను.

(సభలోంచి: "మరి మానిఫోల్డ్ దొరికిందా?")

దొరికింది. నాలుగేళ్లు పట్టింది. 4కే9, అక్టోబర్ 9. మా అబ్బాయి పెళ్లి పనుల్లో ఉండగా ఫోను వచ్చింది. ఆ వారం ఇంట్లో ఏం జరిగిందో మా ఆవిణ్ణే అడగండి.

ఇంకా ఒకటి మిగిలింది. కార్బురేటర్ పైన ఒక స్క్రూకి చిన్న రేకు ట్యాగు వేలాడుతుంది, దాని నంబరు అక్కడ ఉంటుంది. రిపేరు చేసిన ప్రతివాడూ దాన్ని తీసి ఎక్కడో పడేస్తాడు. కొత్తగా కొట్టించుకోవచ్చు, నిమిషాల్లో పని. నేను కొట్టించుకోలేదు. ఆ పెద్దావిడ కాఫీ డబ్బా ఇంకా నా దగ్గరే ఉంది. అందులో అడుగున గడ్డకట్టిన గ్రీజు రెండంగుళాలు ఉంది. కొంచెం కొంచెం కరిగిస్తూ వెతుకుతున్నాను.

అదిగో, ట్రేలు వచ్చేశాయి. బానెట్ తెరిచే పెట్టాను, ఇక్కడివాళ్ల భాషలో హుడ్. చూడాలనుకున్నవాళ్లు భోంచేశాక రండి, చేతులు కడుక్కుని.